విడాకులైనా, కాపురం నిలిచినా: అమెరికా సోషల్ సెక్యూరిటీలో భార్యాభర్తల హక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాకు మొదట్లో వచ్చిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు చాలావరకు ఉద్యోగ విరమణ చేశారు. కంప్యూటర్ ఉద్యోగాలతో 1990లలో వచ్చిన తరం ఇప్పుడు ఆ వయసుకు దగ్గరపడుతోంది. ఈ రెండు తరాల్లోనూ ఒకరి జీతం మీద నడిచిన ఇళ్లు చాలా ఉన్నాయి. హెచ్‌-4 వీసా (హెచ్‌-1బి ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వచ్చినవారిలో కొందరికైనా పని చేసుకునే అనుమతి దొరికింది 2015లోనే; అంతకు ముందు వారు చదువు ఎంత ఉన్నా ఇంటి పట్టునే ఉండవలసి వచ్చింది. అటువంటివారు విరమణ మాట వచ్చినప్పుడు, ముఖ్యంగా విడాకులైన వారు, సోషల్ సెక్యూరిటీ, అంటే జీతంలోంచి కట్టిన పన్ను ఆధారంగా అమెరికా ప్రభుత్వం ఇచ్చే నెలవారీ పింఛను, తమకు ఏమీ రాదని ముందే తేల్చేసుకుంటున్నారు. ఈ ప్రశ్నలన్నీ ఆ అపోహ చుట్టూ తిరిగేవే. ఎక్కువ చోట్ల భార్య అని రాసినా చట్టం భర్తకూ అదే విధంగా వర్తిస్తుంది. ఏటా మారే డాలర్ల పరిమితులు 2025 సంవత్సరానివి.

నేను అమెరికాలో ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయలేదు. నాకు సోషల్ సెక్యూరిటీ వస్తుందా?

భర్తకు హక్కు ఉంటే, ఆయన రికార్డు (ఆయన సంపాదన, దాని మీద కట్టిన పన్ను లెక్క) మీద మీకు వస్తుంది. దీనినే స్పౌజ్ బెనిఫిట్ అంటారు. సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. భార్యకు ప్రత్యేకంగా కొంత మొత్తం ఇవ్వాలన్న నిబంధన 1939 సవరణతో చేరింది. అంటే ఇది కొత్తగా పుట్టిన రాయితీ కాదు, ఎవరి దయా కాదు.

భర్తకు 40 క్రెడిట్లు ఉండాలి. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్ చొప్పున ఏడాదికి గరిష్ఠంగా నాలుగు జమ అవుతాయి కాబట్టి, 40 క్రెడిట్లకు కనీసం పదేళ్ల పని అవసరం. ఆయన తన విరమణ ప్రయోజనానికి దరఖాస్తు చేసి ఉండాలి. మీకు 62 ఏళ్లు నిండాలి, పెళ్లయి కనీసం ఒక ఏడాది గడిచి ఉండాలి. 16 ఏళ్లలోపు పిల్లలు మీ పోషణలో ఉండి, వారికి కూడా ఆయన రికార్డు మీద ప్రయోజనం అందుతూ ఉంటే, 62 నిండకపోయినా మీకు వస్తుంది. మీకు సొంత క్రెడిట్లు ఒక్కటీ లేకపోయినా ఫరవాలేదు.

ఆరేళ్లు హెచ్‌-1బి మీద పనిచేసి తిరిగి వెళ్లిపోయిన వారికి సాధారణంగా 24 క్రెడిట్లే ఉంటాయి. ఆ రికార్డు మీద ఆయనకూ విరమణ ప్రయోజనం రాదు, భార్యకూ రాదు.

"భర్తకు వచ్చేదాంట్లో సగం" అంటారు. దేంట్లో సగం?

ఆయన చేతికి వచ్చే చెక్కులో సగం కాదు. పూర్తి విరమణ వయసుకు ఆయనకు లెక్క కట్టే మొత్తంలో గరిష్ఠంగా సగం. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వారికి పూర్తి విరమణ వయసు 67 ఏళ్లు. ఈ తేడా అర్థం కాకపోవడం వల్ల ఇళ్లలో పెద్ద పెద్ద నిర్ణయాలు తప్పుదారి పడుతున్నాయి కాబట్టి, ఒక లెక్క వేసి చూద్దాం.

ఒక భర్తకు 67 ఏళ్లకు నెలకు 3,000 డాలర్లు రావాలి. భార్య కొన్నేళ్లు స్కూల్లో పనిచేసింది కాబట్టి ఆమెకు సొంతంగా 67 ఏళ్లకు 900 డాలర్లు రావాలి. ఆయన మొత్తంలో సగం 1,500. ఆమెకు ముందు సొంతది 900 ఇస్తారు, తక్కువ పడిన 600 ఆయన రికార్డు మీద కలుపుతారు; వెరసి 1,500. ఆమె తొందరపడి 62 ఏళ్లకే తీసుకుంటే (అప్పటికే ఆయన దరఖాస్తు చేసి ఉంటే) సొంతదాంట్లో 30 శాతం, కలిపే భాగంలో 35 శాతం కోత పడి, 630, 390 కలిసి 1,020 డాలర్లు మాత్రమే వస్తాయి. ధరల పెరుగుదలను బట్టి ఏటా కొంత పెంచుతారు గానీ, వయసు వల్ల పడిన ఆ కోత మాత్రం అలాగే ఉండిపోతుంది.

భర్త 70 ఏళ్ల వరకు ఆగితే ఏడాదికి 8 శాతం చొప్పున పెరిగి ఆయనకు 3,720 డాలర్లు వస్తాయి, కానీ ఆయన జీవించి ఉన్నంత కాలం భార్య గరిష్ఠం 1,500 దగ్గరే ఆగిపోతుంది. అలాగే ఆయన 62కే తీసుకుని తన మొత్తాన్ని 2,100కు తగ్గించుకున్నా, ఆమె 67 వరకు ఆగితే 1,500 అందుతుంది. సొంత సంపాదన లేని భార్య 67 దాటాక కూడా ఆగడం వల్ల పైసా పెరగదు. ఆగిన నెలలన్నీ నష్టమే.

మొదట స్పౌజ్ బెనిఫిట్ తీసుకుని, నా సొంతదాన్ని 70 ఏళ్ల వరకు పెరగనివ్వవచ్చా?

ఒకప్పుడు వీలుండేది. 2015లో చేసిన చట్టం ఆ దారి మూసేసింది. 1954 జనవరి 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు ఒకదానికి దరఖాస్తు చేస్తే, అర్హత ఉన్న రెండిటికీ చేసినట్లే పరిగణిస్తారు. విడాకులైన వారికీ ఇదే నియమం. భర్త లేదా మాజీ భర్త మరణించాక వచ్చే ప్రయోజనానికి మాత్రం ఇది వర్తించదు; ఆ సంగతి కింద వివరంగా ఉంది.

నాకు ఇస్తే ఆయనకు తగ్గుతుందా?

తగ్గదు. ఆయన 3,000 ఆయనకు పూర్తిగా వస్తుంది, మీ 1,500 దానికి అదనం. ఒక రికార్డు మీద కుటుంబానికంతటికీ ఇచ్చే మొత్తానికి 150 నుంచి 180 శాతం దాకా పరిమితి ఉన్న మాట నిజమే, కానీ విడాకులైన మాజీ భార్య మొత్తాన్ని ఆ పరిమితిలో లెక్కించరు. ఆయనకు ఇద్దరు మాజీ భార్యలు, ఇప్పటి భార్య ఉండి, ముగ్గురికీ అర్హత ఉంటే, ఎవరి వాటా వారికే. ఆస్తి పంపకాల్లో లాగా ఒకరికి పెరిగితే మరొకరికి తరిగే లెక్క ఇక్కడ లేదు.

విడాకులయ్యాయి. నాకు ఇంకా హక్కు ఉందా?

పెళ్లి పదేళ్లు నిలిచి, ఆ తర్వాత విడాకులై ఉంటే ఉంది. మీకు 62 ఏళ్లు నిండాలి, ప్రస్తుతం అవివాహితులై ఉండాలి, మీ సొంత రికార్డు మీద వచ్చేది ఆయన మొత్తంలో సగం కంటే తక్కువగా ఉండాలి. మొత్తం, కోతలు కాపురంలో ఉన్న భార్యకు ఎలాగో మీకూ అలాగే. పూర్తి విరమణ వయసు రాకముందే ఇది తీసుకుంటూ ఉద్యోగం కూడా చేస్తుంటే, 2025లో 23,400 డాలర్లు దాటిన మీ సంపాదనలో ప్రతి రెండు డాలర్లకు ఒక డాలరు ఆపుతారు.

విడాకులైన భార్యకు ఈ హక్కు 1965లో వచ్చింది. అప్పట్లో ఇరవై ఏళ్ల కాపురం ఉండాలనేవారు. 1977 సవరణ దానిని పదేళ్లకు తగ్గించింది.

పదేళ్లు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు లెక్కపెడతారు?

పెళ్లి జరిగిన రోజు నుంచి విడాకులు అధికారికంగా ఖరారైన రోజు వరకు. ఎప్పుడు విడిగా ఉండడం మొదలుపెట్టారు, ఎప్పుడు కేసు వేశారు, ఎప్పుడు ఇల్లు ఖాళీ చేశారు అన్నవి ఈ లెక్కలోకి రావు. ఎనిమిదేళ్లు కలిసి ఉండి మూడేళ్లు వేరువేరు ఊళ్లలో ఉన్నా, డిక్రీ పదకొండో ఏట వచ్చి ఉంటే నియమం నెరవేరినట్లే. దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది: తొమ్మిదేళ్ల పది నెలలకు డిక్రీ చేతికి వచ్చిన ఆమెకు, ఆ రెండు నెలల లోటు వల్ల జీవితాంతం ఆ రికార్డు మీద ఏమీ రాదు. సగటు తీయడం, దయతలచడం ఇక్కడ ఉండవు.

కాబట్టి పెళ్లయి తొమ్మిదేళ్లు దాటి విడాకుల మాట నడుస్తున్నవారు తమ లాయరును మొట్టమొదట అడగవలసినది ఖరారయ్యే తేదీ గురించే. భారతదేశంలో హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో వెళ్తే, మొదటి పిటిషన్‌కూ తుది విచారణకూ మధ్య సాధారణంగా ఆరు నెలల వ్యవధి ఉంటుంది. కోర్టు దానిని మాఫీ చేసి త్వరగా ముగించవచ్చు కూడా. త్వరగా వదిలించుకోవాలన్న ఆత్రంలో వ్యవధిని మాఫీ చేయమని కోరేవారు, క్యాలెండరు ఒకసారి చూసుకుని కోరడం మంచిది. హింస ఉన్న ఇంట్లో డబ్బు కోసం పదేళ్లు పూర్తి చేయమని ఎవరూ చెప్పకూడదు. అయితే విడిగా వెళ్లిపోయి క్షేమంగా ఉంటూ డిక్రీని కొన్ని నెలలు ఆపుకోవడం వేరే సంగతి.

మన కోర్టు కాగితం చదవడంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ధ్రువీకరించిన నకలు చివరి పేజీలో స్టాంపు కింద నాలుగైదు తేదీలు చేతిరాతతో ఉంటాయి: నకలుకు దరఖాస్తు చేసిన రోజు, రుసుము కట్టిన రోజు, నకలు సిద్ధమైన రోజు, అందజేసిన రోజు. వీటిలో ఏదీ విడాకుల తేదీ కాదు. జడ్జి తీర్పు చెప్పిన తేదీ మొదటి పేజీలో ఉంటుంది. నకలు ఏడాది తర్వాత తీసుకున్నవారు చివరి పేజీలోని తేదీ చూసి పదేళ్లు నిండాయనుకుని, ఆఫీసులో కూర్చున్నాక గానీ అసలు తేదీ గమనించని సందర్భాలు ఉంటాయి.

నేను దరఖాస్తు చేస్తే మాజీ భర్తకు తెలుస్తుందా? ఆయన సంతకం కావాలా?

సంతకం అక్కరలేదు, అనుమతి అక్కరలేదు, ఆయనకు నోటీసు వెళ్లదు. ఆయన ఇప్పటి భార్యకూ వెళ్లదు. ఆయన సోషల్ సెక్యూరిటీ నంబరు మీ దగ్గర ఉంటే పని సులువు, ఇద్దరూ కలిసి వేసిన పాత ట్యాక్స్ రిటర్నుల్లో అది ఉంటుంది. లేకపోతే ఆయన పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఇస్తే వారే వెతుకుతారు. మళ్లీ ఆయనకు ఫోన్ చేయవలసి వస్తుందేమోనన్న జంకుతో ఈ పని వాయిదా వేస్తున్నవారు ఆ జంకు వదులుకోవచ్చు.

ఆయన ఇంకా ఉద్యోగం చేస్తున్నారు, 70 దాకా తీసుకోనంటున్నారు. నేను ఆగాలా?

కాపురంలో ఉన్న భార్య ఆగాల్సిందే. భర్త దరఖాస్తు చేసేదాకా ఆమెకు స్పౌజ్ బెనిఫిట్ మొదలు కాదు. విడాకులైన ఆమె ఆగనక్కరలేదు. ఆయనకు 62 నిండి, 40 క్రెడిట్లు ఉండి, విడాకులై రెండేళ్లు దాటితే, ఆయన దరఖాస్తు చేసినా చేయకపోయినా ఆమె తీసుకోవచ్చు. మాజీ భర్త మొండితనం మీద ఆమె బతుకు ఆధారపడకూడదని 1983 సవరణల్లో ఈ వెసులుబాటు పెట్టారు. విడిపోయినవారికి కలిసి ఉన్నవారికంటే ఎక్కువ స్వేచ్ఛ దొరికిన అరుదైన చోటు ఇది.

పన్నెండేళ్లు ఇక్కడ పనిచేసి, విడాకుల తర్వాత హైదరాబాదో విజయవాడో వెళ్లి స్థిరపడి, అమెరికా మాటే మరచిపోయిన మాజీ భర్త విషయంలోనూ ఇదే నియమం పనిచేస్తుంది. ఆయన క్రెడిట్లు ఆయనతో పాటు విమానం ఎక్కి వెళ్లిపోవు. రికార్డు ఇక్కడే ఉంటుంది.

విడాకుల ఒప్పందంలో "సోషల్ సెక్యూరిటీ మీద హక్కు వదులుకుంటున్నాను" అని సంతకం పెట్టాను. ఇప్పుడేం చేయాలి?

ఏమీ చేయనక్కరలేదు, దరఖాస్తు చేయండి. ఆ వాక్యం చెల్లదు. ఇది ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు. భార్యాభర్తల మధ్య ఒప్పందం దానిని తీసివేయలేదు, రాష్ట్ర కోర్టు దానిని ఆస్తిలాగా పంచనూ లేదు. మీ రికార్డు నుంచి ఆయనకు ఏమీ పోకూడదని మీరు రాయించుకున్నా అదీ చెల్లదు.

మళ్లీ పెళ్లి చేసుకుంటే?

సాధారణంగా మాజీ భర్త రికార్డు మీద వచ్చేది ఆగిపోతుంది. ఏడాది తర్వాత కొత్త భర్త రికార్డు మీద అడగవచ్చు. రెండో పెళ్లి కూడా మరణంతోనో విడాకులతోనో ముగిస్తే మొదటి భర్త రికార్డు మీద హక్కు తిరిగి వస్తుంది. పదేళ్లు దాటిన పెళ్లిళ్లు రెండు ఉంటే, ఎక్కువ వచ్చే రికార్డు మీద ఇస్తారు; రెండూ కలిపి ఇవ్వరు. మాజీ భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నా మీ హక్కుకు ఏమీ కాదు.

భర్త లేదా మాజీ భర్త మరణిస్తే ఏం వస్తుంది?

ఇక్కడ లెక్క పూర్తిగా మారుతుంది, సాధారణంగా పెరుగుతుంది. సగం అన్న గరిష్ఠ పరిమితి పోయి, ఆయనకు వస్తున్న మొత్తం వరకు ఆమెకు రావచ్చు. కాపురంలో ఉన్న భార్య అయితే పెళ్లయి సాధారణంగా కనీసం తొమ్మిది నెలలై ఉండాలి. మాజీ భార్య అయితే పదేళ్ల నియమమే. 60 ఏళ్ల నుంచి తీసుకోవచ్చు, వైకల్యం ఉంటే 50 నుంచి. 60కే తీసుకుంటే 71.5 శాతం వస్తుంది, పూర్తి వయసు వరకు ఆగితే నూరు శాతం.

పై లెక్కలోని భర్త 70 వరకు ఆగి 3,720 తీసుకుంటూ మరణిస్తే, పూర్తి వయసు దాటిన భార్యకు ఇకపై 3,720 వస్తుంది. అప్పటిదాకా వచ్చిన 1,500 ఆగిపోతుంది. అదే ఆయన 62కే 2,100 చొప్పున తీసుకుని ఉంటే, ఆమెకు ఆ 2,100 గానీ 3,000లో 82.5 శాతమైన 2,475 గానీ, ఏది ఎక్కువైతే దానికి మించి రాదు. నెలకు 1,245 డాలర్ల తేడా. మన ఇళ్లలో భార్య భర్తకంటే చిన్నదై ఉండడం మామూలు కాబట్టి, ఆ తేడాను ఆమె ఒంటరిగా ఎన్నేళ్లు మోయవలసి వస్తుందో ఆలోచించాలి. "చేతికొచ్చినప్పుడే తీసుకుందాం" అని 62కు తొందరపడే భర్తలు ఆలోచించేది తమ ఆయుష్షు గురించే. నా అభిప్రాయంలో ఈ నిర్ణయంలో లెక్కలోకి తీసుకోవలసింది ఆమె ఆయుష్షు.

60 ఏళ్లు దాటాక మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ హక్కు పోదు. ముందు ఇది తీసుకుని సొంతదాన్ని 70 వరకు పెరగనివ్వడం, లేదా ముందు సొంతది తీసుకుని తర్వాత దీనికి మారడం, రెండూ వీలే. 2015 చట్టం మూసిన తలుపు ఇక్కడ మాత్రం తెరిచే ఉంది. మరణం తర్వాత ఒకసారి ఇచ్చే 255 డాలర్లు మాత్రం మాజీ భార్యకు రావు.

పెళ్లి తిరుపతిలో, విడాకులు అమెరికాలో. ఇవి చెల్లుతాయా?

సోషల్ సెక్యూరిటీ వారు పెళ్లినీ విడాకులనూ సాధారణంగా ఆ ఉద్యోగి నివాసమున్న రాష్ట్రపు చట్టం ప్రకారం చూస్తారు. విదేశంలో సక్రమంగా జరిగిన పెళ్లిని అమెరికా రాష్ట్రాలు మామూలుగా గుర్తిస్తాయి. చిక్కు విడాకుల దగ్గర వస్తుంది. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటకు మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు భారతదేశంలో చెల్లవని 1991లో భారత సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడకుండానే ఇచ్చిన డిక్రీ కావడం అందుకు మూలం. దీనివల్ల ఒకే వ్యక్తి ఇక్కడ విడాకులైనవాడుగా, అక్కడ ఇంకా భర్తగా ఉండే విచిత్రం ఏర్పడవచ్చు. ఇటువంటి కేసుల్లో రెండు దేశాల కాగితాలూ ఇమిగ్రేషన్ లాయరుకు కాక, కుటుంబ చట్టం తెలిసిన లాయరుకు చూపించాలి.

పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు పేపరు మీద రాసుకున్న విడిపోయే ఒప్పందాలను నమ్ముకోవద్దు. ఫలానా కులాచారం అటువంటి విడాకులను అనుమతిస్తుందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితం విడాకులు కాదు, చట్టం కంట ఆ పెళ్లి నడుస్తూనే ఉంటుంది.

ఇండియాలో స్థిరపడితే డబ్బు వస్తుందా?

అమెరికా పౌరులైతే వస్తుంది. భారత పౌరులుగానే ఉన్నవారు అమెరికా బయట ఆరు నెలలు ఉంటే చెల్లింపులు ఆగే నియమం ఒకటి ఉంది. అయితే 40 క్రెడిట్లు ఉన్న రికార్డు అయితే భారత పౌరులకు దాని నుంచి మినహాయింపు ఉంది. ఆ రికార్డు మీద ఆధారపడిన భార్యకు, మాజీ భార్యకు ఇంకొక షరతు కూడా ఉంది: ఆ వివాహ బంధం ఉన్న కాలంలో ఆమె కనీసం ఐదేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. భర్త ఇక్కడ, భార్య గుంటూరులో అన్నట్లు సాగిన కాపురాల్లో దెబ్బతినేది ఇక్కడే.

అమెరికా పౌరులు కాకుండా అమెరికా బయట నివసించేవారి చెల్లింపుల్లోంచి సాధారణంగా 25.5 శాతం పన్నుగా పట్టుకుంటారు. విదేశాల్లో ఉన్నవారికి 7162 అనే ప్రశ్నావళి పోస్టులో వస్తుంది. నింపి తిప్పి పంపకపోతే డబ్బు ఆగిపోతుంది. అద్దె ఇల్లు మారినప్పుడు చిరునామా మార్చుకోనివారికి ఆ కవరు అందదు.

ఇండియాలో చేసిన ఉద్యోగం కలుస్తుందా? అక్కడి పింఛను వల్ల ఇక్కడ కోత పడుతుందా?

కలవదు. క్రెడిట్లు కలిపి లెక్కించే ఒప్పందం అమెరికాకు ముప్ఫై దేశాలతో ఉంది గానీ భారతదేశంతో లేదు. కోత మాత్రం ఇప్పుడు లేదు. సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టని ఉద్యోగం తాలూకు పింఛను ఉన్నవారికి తగ్గించే రెండు నియమాలను 2025 జనవరి 5న సంతకమైన చట్టం రద్దు చేసింది. 2024 జనవరి నుంచే ఆ రద్దు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ప్రభుత్వ పింఛను తీసుకుంటూ, ఇక్కడ కూడా పదేళ్లు పనిచేసినవారికి ఇది ఊరట.

ఇదే హక్కు అక్కడా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. భారతదేశంలో కేంద్ర ప్రభుత్వ కుటుంబ పింఛను గానీ, ఈపీఎఫ్ వారి 1995 పింఛను పథకం గానీ భార్య లేదా వితంతువు అన్న హోదా మీద నడుస్తాయి. విడాకులతో ఆ హోదా పోతుంది, కాపురం ముప్ఫై ఏళ్లు సాగినా సరే. అక్కడ మాజీ భార్య ఆధారపడవలసింది కోర్టు నిర్ణయించే భరణం మీదే.

మెడికేర్ కూడా వస్తుందా?

మెడికేర్ అంటే పెద్ద వయసువారికి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. మీకు 65 ఏళ్లు నిండితే, భర్తకు 62 నిండి 40 క్రెడిట్లు ఉంటే, ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ప్రీమియం లేకుండా వస్తుంది. పదేళ్ల నియమం నెరవేరి అవివాహితగా ఉన్న మాజీ భార్యకూ వస్తుంది. డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బికి ప్రీమియం ఎవరికైనా తప్పదు. భారతదేశంలో చేయించుకున్న వైద్యానికి మెడికేర్ చెల్లించదు.

401(కె), ఐఆర్‌ఏ ఖాతాల సంగతేమిటి?

రెండూ విరమణ కోసం దాచుకునే ఖాతాలే; 401(కె) ఉద్యోగమిచ్చిన సంస్థ ద్వారా నడుస్తుంది, ఐఆర్‌ఏ సొంతంగా తెరుచుకునేది. ఇవి సోషల్ సెక్యూరిటీకి పూర్తిగా భిన్నం: ఇవి ఆస్తి, కోర్టు పంచుతుంది, ఒకరికి ఇస్తే మరొకరికి తగ్గుతుంది. కాపురం సాగుతున్నంత కాలం 401(కె) ఖాతాదారు మరణిస్తే, భార్య నోటరీ ముందు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, డబ్బు ఆమెకే చేరాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. పెళ్లికి ముందు అమ్మ పేరో తమ్ముడి పేరో నామినీగా రాసినా ఇదే వర్తిస్తుంది. ఐఆర్‌ఏకు ఈ రక్షణ లేదు.

విడాకుల్లో 401(కె) పంచాలంటే డిక్రీ ఒక్కటే చాలదు. క్యూడీఆర్‌ఓ అనే ప్రత్యేక ఉత్తర్వు తయారుచేయించి, కోర్టు సంతకం అయ్యాక ప్లాను నిర్వాహకుడికి పంపాలి. లాయరు ఫీజు మిగుల్చుకోవడానికి ఈ పని తర్వాత చూద్దామనుకుని ఏళ్లు గడిపేవారున్నారు. ఈలోగా ఆయన ఉద్యోగం మారడం, అప్పు తీయడం, మళ్లీ పెళ్లి చేసుకోవడం ఏదైనా జరగవచ్చు. విడాకుల తర్వాత నామినీ ఫారం మార్చడం ఖాతాదారు పని. మాజీ భార్య తన హక్కు వదులుకున్నట్లు డిక్రీలో ఉన్నా, ఫారం మీద ఆమె పేరే ఉంది కాబట్టి ప్లాను ఆమెకే చెల్లించడం సరైనదని 2009లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి, ఎప్పుడు వెళ్లాలి?

పెళ్లి సర్టిఫికెట్, విడాకుల డిక్రీ, పుట్టిన తేదీ రుజువు, పౌరసత్వం లేదా చట్టబద్ధ నివాసం రుజువు. అసలు కాగితాలు గానీ, జారీచేసిన కార్యాలయం ధ్రువీకరించిన నకళ్లు గానీ చూపాలి. జెరాక్సు కాపీలు, ఇక్కడి నోటరీ స్టాంపు వేసిన కాపీలు పనికిరావు. తెలుగులో ఉన్న కాగితాన్ని అలాగే ఇవ్వవచ్చు, అనువాదం వారే చేయించుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. అంతకు ముందు గుడిలోనో కల్యాణ మండపంలోనో పెళ్లయి నమోదు చేయించుకోనివారు ఇప్పుడైనా రిజిస్ట్రారు దగ్గర ఆ పని పూర్తి చేసుకోవాలి.

పుట్టిన తేదీ మన తరాల్లో ఒక పెద్ద కథ. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేయడం, అదే ఎస్‌ఎస్‌సీ సర్టిఫికెట్‌కూ పాస్‌పోర్టుకూ ఎక్కడం, అసలు తేదీ జాతకచక్రంలో మిగిలిపోవడం చాలా ఇళ్లలో జరిగిందే. సోషల్ సెక్యూరిటీ వారు ఐదేళ్లలోపు వయసులో నమోదైన కాగితానికి ఎక్కువ విలువ ఇస్తారు. అటువంటిది మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో దొరికితే, పాస్‌పోర్టులోని తేదీతో అది సరిపోతుందో లేదో ముందే చూసుకుని, తేడా ఉంటే వివరణ సిద్ధం చేసుకుని వెళ్లాలి. పేర్లలో కూడా ఇదే గొడవ: పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, గ్రీన్‌కార్డులో పూర్తిగా, డిక్రీలో చివర ఉంటుంది.

స్పౌజ్ బెనిఫిట్ దరఖాస్తు ఫారం ఎస్‌ఎస్‌ఏ-2. మరణానంతర ప్రయోజనానికి ఎస్‌ఎస్‌ఏ-10. 1-800-772-1213కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు, తెలుగు దుబాసీ కావాలని అడిగితే ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ప్రయోజనం మొదలవ్వాలనుకున్న నెలకు నాలుగు నెలల ముందే దరఖాస్తు వేయవచ్చు.

ఆలస్యంగా తెలిసినవారికి వెనకటి డబ్బు పూర్తిగా రాదు. పూర్తి విరమణ వయసు దాటాక దరఖాస్తు చేస్తే గరిష్ఠంగా ఆరు నెలల బకాయి ఇస్తారు, అదీ ఆ వయసు నిండిన నెలకంటే వెనక్కి పోకుండా. 67కే అర్హత ఉన్న ఆమె 72లో వచ్చి అడిగితే, మధ్యలోని నాలుగున్నరేళ్లు పోయినట్లే. అందుకే కాగితాలన్నీ కుదిరేదాకా ఆగకుండా ముందు ఫోన్ చేసి, దరఖాస్తు చేయదలిచిన తేదీని నమోదు చేయించుకోండి. దానినే ప్రొటెక్టివ్ ఫైలింగ్ డేట్ అంటారు. వారు ఇచ్చే గడువులోపు దరఖాస్తు పూర్తి చేస్తే ఆ తేదీనే లెక్కలోకి తీసుకుంటారు, రిజిస్ట్రారు ఆఫీసు నుంచి రావలసిన నకలు తర్వాత జతచేయవచ్చు.